ముప్పై రెండు గూళ్ళు

కోడుమూరు పాత బజారులో గోవిందయ్య రవిక గుడ్డల అంగడి అంటే చుట్టుపక్కల పది ఊళ్ళ ఆడవాళ్ళకు గొప్ప నమ్మకం. చీర చంకన పెట్టుకుని పోతే చాలు, దానికి అతికినట్టు సరిపోయే ముక్కతో ఇంటికి రావచ్చు. ఇరవై నాలుగేళ్ళలో రంగు తప్పిందని ముక్క వెనక్కి తెచ్చినవాళ్ళు లేరు. ఇంత పేరున్న మనిషికి ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మరు. గోవిందయ్య ధీమా కూడా అదే.

అది చదువు రాని లోటు కాదు, కంటి లోటు. పుట్టుకతోనే ఆయన కంటికి ఎరుపు, ఆకుపచ్చ, ఇటుకరంగు అన్నీ కలిసి ఒకే మట్టిరంగైపోతాయి. ముదురు ఎరుపైతే నలుపులోకి జారిపోతుంది. పసుపూ నీలమూ మాత్రం అందరికీ కనబడినట్టే కనబడతాయి. ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ పెరట్లో పండు మిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివీ పండువీ కలిపి గంప నింపుకొచ్చాడు. సోమరిపోతు అని వీపు మీద రెండు పడ్డాయి. ఆ రెండు దెబ్బలతో పిల్లవాడికి రెండు సంగతులు బోధపడ్డాయి. ఒకటి, తన కన్ను అందరి కన్ను లాంటిది కాదు. రెండు, ఆ మాట బయటపెట్టడం కంటే సోమరి అనిపించుకోవడమే సుఖం.

అన్నదమ్ములు వేరుపడినప్పుడు పెద్దాయన చీరలూ పంచెలూ తీసుకున్నాడు. రవిక గుడ్డలు గోవిందయ్య వాటాకొచ్చాయి. దేవుడికి ఇలాంటి వేళాకోళాలంటే మహా సరదా. ‘నాకు రంగులు తెలియవు, ఇనుప సామాన్ల అంగడి పెట్టుకుంటా’ అని ఒక్క మాట అని ఉంటే పోయేది. కానీ సరిగ్గా అదే నెలలో పత్తికొండ నుంచి సంబంధం వచ్చింది. కంట్లో దోషముందంటే పిల్లనెవరిస్తారు? నోరు మూసుకుని పెళ్ళిచూపులకు పోయి నాగరత్నమ్మను చూశాడు, నచ్చిందన్నాడు, తాళి కట్టాడు, వచ్చి అంగట్లో కూర్చున్నాడు. ఊరికి తెలిసినా తెలియకపోయినా పెళ్ళానికి మాత్రం ఈ సంగతి తెలియకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాడు. మోసం చేసి చేసుకున్నాడంటుందేమోనని భయం.

ఇక వ్యాపారం ఎట్లా? దానికి ఆయన దగ్గర ముప్పై రెండు గూళ్ళున్నాయి. గోడకు కొట్టిన టేకు బీరువాలో నాలుగు వరుసలు, వరుసకు ఎనిమిది. గూటికో రంగు గుడ్డ తాను. మూడో వరుసలో మొదటిది కుంకుమ, రెండోది ఆకుపచ్చ, మూడోది ఇటుక. నాలుగో వరుసలో అయిదోది వంకాయ. చిన్నపిల్లలు ఎక్కాలు వల్లించినట్టు గోవిందయ్య ఆ గూళ్ళను కంఠతా పట్టాడు. ఆదోని టోకు వ్యాపారి ప్రతి తానులోనూ రంగు పేరు రాసిన చీటీ పెట్టి పంపేవాడు. చీటీ చదివి గూట్లో పెట్టడమే పని. కళ్ళు మూసి నిలబెట్టినా అడిగిన రంగు తీసి ఇచ్చేవాడు. మాటవరసకు అనడం కాదు, నిజంగానే ఆ పనికి ఆయనకు కళ్ళు అక్కర్లేదు.

గూట్లో రంగు సరే, వచ్చినామె చేతిలోని చీర ఏ రంగో తెలియాలి కదా. దానికీ ఒక ఉపాయం ఉంది. చీరను రెండు చేతులా అందుకుని, గౌరవంగా తొడ మీద పరచుకుని, “ఏ రంగంటావమ్మా దీన్ని?” అని అడిగేవాడు. ఆమె ఉల్లిపొర అనేది. పక్కన కూర్చున్నామె ఉల్లిపొర కాదక్కా, జామపండు అనేది. ఇద్దరూ కాసేపు వాదించుకుని ఒక మాట మీదికి వచ్చేవాళ్ళు. గోవిందయ్య ఆ గూట్లో తాను తీసి, గుమ్మం ముందున్న నాపరాయి అరుగు చూపించి “ఎండలో చూసుకోపోమ్మా” అనేవాడు. ఎండలో నలుగురాడవాళ్ళు చూసి సరే అన్నాక ఇక ముక్కకు తిరుగేముంటుంది? కర్నూలు అంగళ్ళలో పిల్లకాయలు మన మాటే వినరు, గోవిందయ్య సెట్టి మనల్ని అడగనిదే తాను దించడు, ఆ మర్యాద ఎవరికొస్తుందని ఊరూరా చెప్పుకున్నారు. ఆ మర్యాద వెనక ఉన్న అవసరం ఎవరూ చూడలేదు.

ఆయన్ను భయపెట్టే గంట రోజుకొకటి ఉండేది. ఒంటిగంటకు నాగరత్నమ్మ క్యారియర్ తీసుకుని వచ్చేది. ఆయన తెర వెనక అన్నం తింటుంటే ఆమె గల్లా దగ్గర కూర్చునేది. ఊరికే కూర్చోదు. తాన్లు తీసి, దులిపి, మడిచి, పెడుతూ ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే తన గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని గోవిందయ్య గబగబా మింగి, ఎక్కిళ్ళతో బయటికి వచ్చేవాడు. ఇరవై నాలుగేళ్ళు ఆయన సంకటి ముద్ద రుచి చూసి తినలేదు. ‘శుభ్రం పిచ్చి మనిషి, తాన్లు సర్దందే తోచదు’ అని మాత్రం అనుకునేవాడు.

ఇట్లా నడిచే బండికి 2007 ఉగాదికి కొత్త చక్రాలు బిగించినవాడు కొడుకు మురళి. కర్నూల్లో బీకాం చదివి, అక్కడే ఒక పెద్ద బట్టల అంగట్లో ఏడాది పనిచేసి, బుర్రనిండా ఆలోచనలతో వచ్చాడు. మంచి పిల్లవాడు. మంచి పిల్లలతోనే తండ్రులకు చిక్కు, కాదనడానికి కారణం దొరకదు.

“నాయనా, కర్నూల్లో మూడునూర్ల రంగులుండాయి. మనం ముప్పై రెండు పెట్టుకుని కూర్చుంటే జనం బస్సెక్కి పోతాండారు. రకం ఎంత ఎక్కువుంటే బేరం అంత ఎక్కువ.”

“మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనవుతుందిరా.”

“అది మజ్జిగకు నాయనా, బట్టలక్కాదు.”

అసలు కారణం చెప్పలేక గోవిందయ్య సామెతతో సరిపెట్టుకున్నాడు. సామెతలకు ఓడిపోయే వయసు కాదు మురళిది. వారం తిరిగేసరికి టేకు బీరువా పెరట్లోకి పోయింది. దాని చోట గోడ పొడుగునా గాజు అరలు వచ్చాయి. వాటిల్లో రెండొందల నలభై రంగులు. ఏ తానుకూ పేరు లేదు, అర అంచున నంబరే. ఎరుపులన్నీ ఒకచోట మొదలై, మెల్లగా నారింజ, ఇటుక, గోధుమ, ఆకుపచ్చల్లోకి మారేట్టు మురళి ఎంతో ముచ్చటగా సర్దాడు. చూసినవాళ్ళు ఇంద్రధనుస్సు అన్నారు. గోవిందయ్యకు మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు దున్నిపెట్టిన చేను లాగా కనబడింది.

మొదటి పదిరోజులు తిరునాళ్ళే. చూడ్డానికే జనం వచ్చారు. చూశారు, తాకారు, ఒళ్ళో పెట్టుకున్నారు, వెళ్ళిపోయారు. ఇదివరకు ఒక్క వాదన, ఒక్క తాను, ఒక్క ముక్కతో ముగిసే బేరం ఇప్పుడు పద్నాలుగు తాన్లు దించితే గానీ మొదలయ్యేది కాదు. పద్నాలుగింటినీ ఎండలోకి తీసుకుపోయేవాళ్ళు. వాటిలో మూడు ఒకదానికొకటి కవల పిల్లల్లా ఉండేవి. ఏదీ తేలక “మా ఆడబిడ్డనడిగి రేపొస్తా” అని పోయినామె రేపు వచ్చేది కాదు. గూడూరు నుంచి కలిసి వచ్చిన ముగ్గురు తోడికోడళ్ళు ఒక చిలకపచ్చ దగ్గర మాటామాటా అనుకుని మూడు వేరువేరు ఆటోల్లో ఇంటికి పోయారు. మురళి సాయంత్రం దాకా విప్పిన తాన్లు చుడుతూనే ఉండేవాడు. వాడి బొటనవేళ్ళు వాచాయి.

ఇంకో చోద్యం. రెండొందల నలభై రంగులున్న అంగట్లో నలుపు లేదు, తెలుపు లేదు, లైనింగు గుడ్డ లేదు. జనం రోజూ అడిగేవి అవే. పెట్టుబడంతా ఎప్పుడో ఏడాదికోసారి ఎవరో అడిగే రంగుల్లో పోయి కూర్చుంది. ఉన్నవాటితోనూ ఒక తలనొప్పి. ప్రతి తానుకూ చివర ఒక తోక మిగులుతుంది, రవికకు చాలదు, పారేయడానికి మనసొప్పదు. ముప్పై రెండు తాన్లకు ముప్పై రెండు తోకలైతే గల్లా కింద ఒక సంచిలో పడుండేవి. ఇప్పుడు తోకలు పెరిగి, గోవిందయ్య అన్నం తినే తెర వెనక చోటును ఆక్రమించాయి. ఆయన వాటి మీదే కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

వీటన్నిటినీ మించిన కష్టం ఆయన ఒక్కడికే తెలుసు. పాత మంత్రం పారడం లేదు.

“ఏ రంగంటావమ్మా దీన్ని?”

“పచ్చ.”

“ఏ పచ్చ?”

“పద్దెనిమిది పచ్చలు పెట్టుకుని నన్నడిగితే ఎట్ల సెట్టీ. అంగడి నీదా నాదా?”

నిజమే కదా. ముప్పై రెండు రంగులకు ఆడవాళ్ళ దగ్గర పేర్లున్నాయి. రెండొందల నలభైకి ఎవరి దగ్గరా లేవు. పేరు లేనప్పుడు చూపించి చెప్పాల్సింది అంగడివాడే. చూపించడమొక్కటే గోవిందయ్యకు చేతకాని పని. కళ్ళజోడు మరిచిపోయానన్నాడు, పంటినొప్పన్నాడు, మురళి వచ్చేదాకా కూర్చోమని కాఫీ తెప్పించాడు. రాత్రిళ్ళు పక్క మీద నంబర్లు వల్లించాడు. నెల తిరిగేసరికి డెబ్భై దాకా వచ్చాయి. అంతలో మురళి బాగా పోయేవన్నీ ముందుకు రావాలని అరలు మార్చాడు. గోవిందయ్య మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. యాభై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, ఎవరితోనూ చెప్పుకోలేక, పరీక్ష తప్పిన పిల్లవాడిలా నలిగిపోయాడు.

శ్రావణం వచ్చింది. ఆషాఢమంతా ఈగలు తోలుకున్న అంగళ్ళకు అది పండగ నెల. పెళ్ళిళ్ళు, నోములు, పేరంటాలు, ముత్తయిదువ అన్నవాళ్ళందరికీ రవిక ముక్కలు. అప్పటికి గానీ ఆదోని నుంచి మురళి అడిగిన నల్ల తాన్లు రాలేదు. నలుపు ఎవరికీ పెట్టని నెలలో నలుపు దిగింది. పెట్టడానికి చోటు లేక మురళి వాటిని పద్నాలుగో నంబరు అరలో దూర్చి, అక్కడున్న తానును పక్కకు జరిపి, అర అంచున నంబరు మారుద్దామనుకుంటూనే మరిచిపోయి, మర్నాడు పొద్దున లైనింగు కోసం కర్నూలు బస్సెక్కాడు.

పద్నాలుగో నంబరు కుంకుమ. గోవిందయ్య మళ్ళీ వల్లించి నోటికి పట్టించుకున్న నంబర్లలో అది ఉంది.

ఆ రోజు పదకొండు గంటలకు ప్యాలకుర్తి నుంచి సోమక్క వచ్చింది. ఇరవై ఏళ్ళ ఖాతాదారు. ఆమె కూతురు శివలీల పెళ్ళి ఎల్లుండి.

“సెట్టీ, ఇరవై ఒక్క రైక ముక్కలు కావల్ల. కుంకుమ రంగు. పొద్దుమునిగే లోపల ముత్తయిదువులకు పెట్టల్ల. నేను గాజులు తీసుకుని అట్లనే బస్సుకు పోతాండా, నువ్వు కట్టి పెట్టు.”

“ఎండలో చూసుకోవా సోమక్కా?”

“నీ అంగట్లో నేను కొత్తగా సూసేదేముండాది?”

ఎన్నాళ్ళకో ఒక మనిషి పేరు పెట్టి రంగు అడిగింది. గోవిందయ్యకు ప్రాణం లేచొచ్చింది. దర్జాగా నడిచిపోయి పద్నాలుగో నంబరు చదివి తాను దించాడు. కొలిచి, అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులా లాగి చర్రున చింపాడు. ఇరవై ఒక్కసార్లు. ముక్కలన్నీ ఒక్క కొలతగా మడిచి, పాత పేపరు చుట్టి, పురికొస కట్టాడు. సోమక్క పరుగున వచ్చి, మూట చంకనేసుకుని, పరుగున పోయింది. కుర్చీలో వాలి గోవిందయ్య చాలా నెలల తరువాత ఒక కూనిరాగం తీశాడు.

ఒంటిగంటకు నాగరత్నమ్మ క్యారియర్ తో వచ్చి, గల్లా మీద పెట్టబోయి, ఆగింది.

“నల్ల తాను ఇంత సన్నగయిందేమి? ఈ నెలలో నలుపెవరు కొన్నారండీ?”

“నలుపెవరూ కొనలేదే.”

ఆమె చిక్కిపోయిన తానును చూసింది. అర అంచున నంబరు చూసింది. పక్కన నిండుగా ఉన్న ఎర్ర తానును చూసింది. తరువాత భర్త మొహం చూసింది. ఆయన అంతకుముందే ఆమె మొహం చూస్తున్నాడు. కూతురి పెళ్ళి ఇంట్లో, శ్రావణ మాసంలో, ఇరవై ఒక్కమంది ముత్తయిదువల ఒళ్ళో నల్ల గుడ్డ.

“ఎవరికి చింపినారు?” అని మాత్రం అడిగింది నాగరత్నమ్మ.

“సోమక్కకు. పెళ్ళికి.”

ఏమైందని అడగలేదు, ఎట్లయిందని అడగలేదు. ఎర్ర తాను చంటిబిడ్డలా ఎత్తుకుంది. “కత్తెర తీసుకోండి, మీటరు బద్ద తీసుకోండి, తలుపులు వేయండి” అంది. క్యారియర్ గల్లా మీదే ఉండిపోయింది.

జ్ఞానరాజు ఆటో దొరికింది. రోడ్డు గురించి చెప్పుకుంటే అది వేరే కథ అవుతుంది. వెనక సీట్లో మొగుడూ పెళ్ళాం తాను విప్పి కూర్చున్నారు. ఆమె కొలిచి గాటు పెట్టేది, ఆయన చింపేవాడు. గుంట వచ్చినప్పుడల్లా కత్తెర ఆగేది. చర్రుమని మూడోసారి వినబడేసరికి జ్ఞానరాజు ఉండబట్టలేక అద్దంలోంచి చూశాడు.

“ఏందమ్మా, ఏదన్నా ఉంటే ఇంటికి పోయి మాట్లాడుకోండి. బట్టలు చింపుకుంటే ఎట్ల?”

“నువ్వు రోడ్డు చూడప్పా” అంది నాగరత్నమ్మ.

ఏడు ముక్కలు చింపాక గోవిందయ్య నోరు పెగిలింది.

“నీకెప్పటి నుంచి తెలుసు?”

“ఏది?”

“అదే.”

“మీరు నన్ను చూసేకి వచ్చిన రోజు నుంచే.”

“ఎట్ల?”

“గాటు పెట్టనీయండి ముందు.”

రెండువైపులా వాన కోసం మొహం వాచిన వేరుశనగ చేలు. గోవిందయ్య వాటి వంక చూస్తూ ఇంకో రెండు ముక్కలు చింపాడు. ఇరవై నాలుగేళ్ళ మధ్యాహ్నాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

“అయితే ఆ తాన్లు సర్దేది?”

“ఊరికే సర్దుతాననుకుంటిరా? రోజుకు మూడన్నా వేరే గూట్లో ఉంటాండె. మీరు తినేలోపల సరిచేయల్లంటే, మీరేమో రైలు పోతాదన్నట్టు మింగి వస్తాంటిరి.”

“ఏమిటికి చెప్పలేదు?”

“మీరు చెప్పలేదు కాబట్టి.” ఆమె గాటు పెట్టి తాను ఆయన వైపు తోసింది. “ముప్పై రెండయితే నేను చూసుకుంటి. ఈ రెండొందల నలభైకి నా చేతగాలేదండీ. చిగురు పచ్చో చిలక పచ్చో నాకే తెలియకపాయె.”

ఒకరి కన్నుతో ఇద్దరు చేసిన వ్యాపారాన్ని ఇన్నేళ్ళూ గోవిందయ్య తన తెలివి అనుకున్నాడు. సిగ్గేసింది, దానికి రెట్టింపు సంతోషమూ వేసింది. అందుకే తరువాతి ముక్క కొంచెం వంకరగా చినిగింది.

ప్యాలకుర్తిలో సోమక్క ఇంటి పందిట్లో ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని తాంబూలాలు సర్దుతున్నారు. మూట ఇంకా విప్పలేదు, మంచం మీద ఉంది. ఊపిరాడింది ఇద్దరికీ. నాగరత్నమ్మ నవ్వుతూ ముందుకు పోయింది.

“సోమక్కా, మావాడు మురళి మూట మార్చినాడు. ఇదిగో నీది. అది ఇచ్చేయి.”

ఇచ్చేసి ఉంటే కథ అక్కడితో సరి. కానీ సోమక్క ఇచ్చే ముందు మూట విప్పి చూసింది. ఇరవై ఒక్క నల్ల ముక్కలు. పందిట్లో తాంబూలం సర్దే చేతులన్నీ ఆగిపోయాయి.

“పెండ్లి ఇంటికి నల్ల గుడ్డ పంపిస్తాడా? ఆ పిల్లోనికి నంబర్లు తప్ప ఇంగేమన్నా తెలుసా సెట్టీ? ఇంటికి పోయి వీపు మీద రెండు పెరకు. నీ చేతిలో ఎన్నడన్నా ఇట్లయిందా?”

మిగతావాళ్ళూ అందుకున్నారు. మురళి చదువూ, మురళి గాజు అరలూ, మురళి పెంపకమూ వరుసగా బయటికొచ్చాయి. ఆ సమయానికి మురళి కర్నూల్లో లైనింగు గుడ్డ బేరం చేస్తున్నాడు. నాగరత్నమ్మ భర్త మోచెయ్యి పట్టుకుని పోదాం పదమన్నట్టు లాగింది. గోవిందయ్య కదల్లేదు. తనది కాని తప్పుకు వీపు మీద పడే దెబ్బ ఎట్లా ఉంటుందో ఆయనకు ఏడేళ్ళప్పుడే తెలుసు.

“మురళి కాదు సోమక్కా. నేనే చింపినా. నాకు కుంకుమా నలుపూ ఒక్కటే కనబడతాయి. ఎరుపూ పచ్చా కూడా ఒక్కటే. పుట్టినప్పటి నుంచి.”

అంగడి ఈ రోజుతో మూసినట్టే అనుకున్నాడు గోవిందయ్య. అప్పుడు మూలనున్న ముసలవ్వ ఒకామె తన చీర కొంగు ఎత్తి పట్టుకుంది.

“ఇదేం రంగు నాయనా?”

“తెలియదవ్వా.”

ఇంకేముంది, పందిరంతా ఎగబడింది. ఒకరు తమలపాకు చూపిస్తే ఒకరు పండు మిరపకాయ తెచ్చారు. పిల్లలు రిబ్బన్లు విప్పి తెచ్చారు. ఎవరో కోడిపుంజును కూడా పట్టుకొచ్చారు. ఎల్లుండి పెళ్ళికూతురు కావాల్సిన శివలీల గది తలుపు దగ్గర నిలబడి తన చీర సంగతి అడిగింది. గోవిందయ్య అన్నిటికీ నిజాయితీగా జవాబిచ్చాడు. పసుపు, నీలం తప్ప అన్నీ తప్పాయి. ప్రతి తప్పుకూ పందిరి ఒకటే నవ్వు. సోమక్క మాత్రం నవ్వలేదు, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నిలబడింది.

“ఉండు సెట్టీ. ఏ రంగంటావమ్మా అని మమ్మల్ని అడుగుతాంటివే, అది ఇందుకేనా?”

“ఇందుకే.”

“అయితే ఇన్నేండ్లు రంగు తప్పకుండా తెచ్చుకున్నది మేమే అన్నమాట.” ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. “వింటిరా? పేరు సెట్టిది, కండ్లు మనవి.” ఆ మాటతో ఆమె ఒక అంగుళం ఎత్తు పెరిగింది. తరువాత ఎర్ర మూట అందుకుని, ఒక్కో ముక్కా ఎండలోకి తీసుకుపోయి చూసింది. ఇరవై ఏళ్ళలో ఆమె అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు. వంకరగా చినిగిన ముక్కను పక్కకు తీసి, “ఇది మా వియ్యపురాలికి పెడతా” అంది.

కర్నూలు నుంచి వచ్చిన మురళికి బస్టాండులోనే అంతా తెలిసింది. కోడుమూరులో వార్తకు బస్సు అక్కర్లేదు. అంగట్లోకి వచ్చి, లైనింగు మూట దించి, తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

“చిన్నప్పుడు రోడ్డు మీద పోతుంటే ఇదేం రంగురా, అదేం రంగురా అని అడుగుతాంటివి. నాకు నేర్పిస్తాండావనుకుంటి నాయనా.”

“నేనే నేర్చుకుంటాంటిరా” అన్నాడు గోవిందయ్య.

మర్నాడు పొద్దున్నే పెరట్లోంచి టేకు బీరువా మళ్ళీ లోపలికి వచ్చింది. అయితే మురళి ఓడిపోయానని ఒప్పుకునే రకం కాదు, ఒప్పుకోకూడదు కూడా. శ్రావణమంతా వాడు ఒక పని చేశాడు. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒక్కో తాను చూపించి దీన్నేమంటారని అడిగాడు. తడుముకోకుండా పేరు చెప్పిన రంగు ఉంచాడు. ‘అదీ కాదు, ఇదీ కాదు’ అని నసిగిన రంగు తీసేశాడు. పేరు పెట్టి అడగలేని రంగు అంగట్లో ఉండకూడదని తేల్చాడు. చివరికి ముప్పై ఎనిమిది నిలిచాయి. పాత ముప్పై రెంటికి ఆడవాళ్ళు కొత్తగా పేర్లు పెట్టిన ఆరు తోడయ్యాయి. వడ్రంగిని పిలిచి బీరువా పక్కన ఆరు గూళ్ళు అతికించాడు. నలుపు, తెలుపు, లైనింగు ఎన్నడూ నిండుకోలేదు. తోకలన్నీ బొంతలు కుట్టే నాగలక్ష్మమ్మ తూకానికి ఎత్తుకుపోయింది, గోవిందయ్యకు తెర వెనక చోటు దొరికింది.

ఊరికి సంగతి తెలిసి అంగడి చెడిపోతుందేమోనన్న భయం ఏమైందంటే, అది వేరే దారిలో బాధించింది. ఆడవాళ్ళు చీర తెచ్చి, ఆయన అడగక ముందే, చెవిటివాడితో మాట్లాడినట్టు “ఎరుపు సెట్టీ, ఎరుపు” అని బజారంతా వినబడేట్టు అరుస్తున్నారు. చెవులు బాగానే ఉన్నాయమ్మా అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. ఎమ్మిగనూరు వైపు నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. తాము చెప్పిందే రంగు అయ్యే అంగడి ఇంకెక్కడుంది?

శ్రావణం చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నాగరత్నమ్మ క్యారియర్ తో వచ్చింది. గోవిందయ్య తెర వెనక్కి పోలేదు. గల్లా పక్కనే చాప వేసుకుని, సంకటి ముద్ద చెనక్కాయ చట్నీలో అద్దుకుని, నిదానంగా తిన్నాడు. ఎక్కిళ్ళు రాలేదు. ఆమె తాన్లు సర్దుతోంది. చెయ్యి కడుక్కొచ్చి, ఆమె కొంగు రెండు చేతులా అందుకుని ఒళ్ళో పరచుకున్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ అడిగిన మాటే, ఈమెను మాత్రం ఇరవై నాలుగేళ్ళూ భయపడి అడగని మాట.

“ఏ రంగంటావు దీన్ని?”

నాగరత్నమ్మ చేతిలో తాను గూట్లో పెట్టి వెనక్కి తిరిగింది.

“ఆకుపచ్చ. మీరు నన్ను చూసేకి వచ్చిన రోజు కట్టుకున్న చీరే ఇది. పోతా పోతా గుమ్మం దగ్గర, ఈ ఎర్రచీర నీకు శానా బాగుండాది అంటిరి.”

గోవిందయ్య ఆ పాత చీర కొంగును వేళ్ళతో సర్దుతూ చాలాసేపు చూశాడు. ఆయనకు అది మట్టిరంగులోనే కనబడింది. తరువాత తలెత్తి బీరువా వైపు చూశాడు.

“మూడో వరుస, రెండో గూడు” అన్నాడు.